పసిబిడ్డ గుమ్మం దాకా వచ్చిన వైద్యం



1883 చివర్లో అమెరికా నుంచి ఒక యువ వైద్యురాలు గుంటూరు చేరారు. ఆమె పేరు ఆనా సారా కుగ్లర్. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసం పెట్టిన వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. ఆమెను పంపిన లూథరన్ మహిళా సంఘానికి అప్పటికి మన దేశంలో వైద్యసేవ మొదలుపెట్టే ఉద్దేశం లేదు. గుంటూరులో ఆడపిల్లలకు చదువు చెప్పమనీ, ఘోషాలో ఉండే స్త్రీల ఇళ్లకు వెళ్లి మాట్లాడమనీ పంపారు. ఆమె మాత్రం మందులు వెంట తెచ్చుకున్నారు. ఉన్న బంగళాలోనే రోగుల్ని చూడటం మొదలుపెట్టారు. పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్లారు. పదిహేనేళ్లు అలా గడిచాక, 1898లో, స్త్రీలకూ పిల్లలకూ 50 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ చుట్టుపక్కల మూడు నాలుగు తరాలవాళ్లు కుగ్లర్ ఆసుపత్రి అని పిలుచుకున్నది దాన్నే.

ఆ రోజుల్లో పల్నాడు వైపు పల్లెలో ఒక బిడ్డకు జబ్బు చేసిందనుకోండి. ఏం జరిగి ఉంటుందో ఒక్కసారి తలుచుకుందాం. బస్సు లేదు. ఊళ్లో ఆచారిగారో, నాటువైద్యుడో ఉంటే ఉంటాడు. తల్లికి పదహారేళ్లో పద్దెనిమిదేళ్లో. అంతకుముందు ఒకరినో ఇద్దరినో పోగొట్టుకుని ఉంటుంది. బిడ్డ పారుతున్నాడు, కక్కుతున్నాడు. ముందు దిష్టి తీస్తారు. పక్షిదోషమంటారు, బాలగ్రహమంటారు. తాయెత్తు కడతారు. తగ్గకపోతే పొట్టమీద వాత పెడతారు. పాలు మానిపిస్తారు, నీళ్లు మానిపిస్తారు. లంఖణం పరమౌషధమన్నారు కదా పెద్దలు! రెండో రోజుకి కళ్లు లోతుకు పోతాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది, మాడు లోపలికి దిగిపోతుంది. అప్పుడు బండి కడతారు. ఎద్దులబండి గుంటూరు చేరేసరికి ఒక పగలో, ఒక పగలూ రాత్రో పడుతుంది.

ఇదంతా చెప్పి ఆ తల్లిని, ఆ అవ్వను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బిడ్డ కళ్లముందు జారిపోతుంటే ఉన్నవాటిలో దేన్నీ వదలకుండా చేశారు వాళ్లు. అలా మానిపించడం మన పల్లెల తప్పు మాత్రమే కాదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు పేగులకు విశ్రాంతి ఇవ్వాలని తిండి ఆపించిన పెద్ద పెద్ద డాక్టర్లు ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఆ రోజుల్లో బిడ్డల్ని ఎత్తుకుపోయినవి పెద్ద పేరున్న జబ్బులేం కావు. నీళ్ల విరేచనాలు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, తట్టు. అమ్మవారు పోస్తే ఊళ్లకు ఊళ్లే భయపడేవి. ఇక పురిటిగదిలోనే కాచుకుని ఉండేది ధనుర్వాతం. బొడ్డు కోయడానికి కొడవలో, ఇంట్లో ఉన్న కత్తో వాడేవారు. కోసినచోట బూడిద అద్దేవారు. వారం తిరక్కుండా బిడ్డ చన్ను పట్టలేక, ఒళ్లంతా బిగుసుకుపోయి ప్రాణం వదిలేది. ఏ గాలో సోకిందనుకునేవారు. తల్లికి గర్భంలోనే టీకా వేసి, కోసే బ్లేడు శుభ్రంగా ఉంటే ఆ చావు రాదు. ఈ చిన్న సంగతి ఇంటింటికీ చేరి, మన దేశంలో ఆ జబ్బు అదుపులోకి వచ్చిందని ప్రకటించడానికి 2015 దాకా పట్టింది.

కుగ్లర్ నాటికి చేతిలో ఉన్న మందులు ఎన్ని? పెన్సిలిన్ లేదు. నెమ్ముకు నికరమైన మందు లేదు. క్వినైన్ ఉంది, కొన్ని కట్టు మందులున్నాయి, మత్తుమందు ఇచ్చి చేసే శస్త్రచికిత్స ఉంది. మరి అంతమంది ఆ ఆసుపత్రికి ఎందుకు వెళ్లారు? నాకు తోచిన జవాబు ఇది. అక్కడ కనిపెట్టుకుని ఉండే మనుషులున్నారు. రాత్రంతా మేలుకుని జ్వరం చూసేవాళ్లు, మరిగించిన నీళ్లు చెంచాతో పట్టేవాళ్లు, గుడ్డలు మార్చేవాళ్లు, పుండు కడిగి కట్టు కట్టేవాళ్లు. మందు తక్కువగా ఉన్న కాలంలో పరిచర్యే మందు. ఆ పరిచర్యను ఒక చదువుగా మన ఊళ్లకు తెచ్చినవి మిషన్ ఆసుపత్రులే. 1890లలో కేథరీన్ ఫాస్ అనే నర్సు వచ్చి కుగ్లర్‌తో కలిశారు. ఇక్కడి అమ్మాయిలకు పని నేర్పడం మొదలైంది. ఆ పని చేయడానికి ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది సమాజం గుమ్మం బయట నిలబెట్టిన ఇళ్లనుంచి వచ్చిన క్రైస్తవ యువతులు. తెల్లబట్టలు కట్టుకుని, అన్ని కులాల బిడ్డల్నీ చేతుల్లోకి తీసుకున్నది వాళ్లు. దొరసాని డాక్టర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. ఈ తెలుగు నర్సుల పేర్లు చాలావరకు ఎక్కలేదు. నాకు బాధ కలిగించే విషయమది.

కులం పట్టింపు ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోలేదు. అక్కడి నీళ్లు తాగనివాళ్లున్నారు, అక్కడి గిన్నెలో వండింది ముట్టనివాళ్లున్నారు. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు తన భార్యకు అక్కడ జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చినవాళ్లు తమ వంట తాము చేసుకుని, తమ ఆచారం తాము పాటిస్తూ ఉండటానికి. హిందూ జమీందారు క్రైస్తవ ఆసుపత్రి పక్కన కట్టించిన ఆ సత్రం నాకు చాలా ఇష్టమైన కట్టడం. ఎవరి దేవుణ్ణీ ఎవరూ వదులుకోకుండానే బిడ్డకు వైద్యం అందే ఏర్పాటు అది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

ఇలాంటి ఆసుపత్రులు తెలుగునేల మీద ఇంకా ఎన్నో వెలిశాయి. జమ్మలమడుగులో, మెదకులో, నెల్లూరులో, హనుమకొండలో. కుష్ఠురోగుల కోసం డిచ్‌పల్లిలో, క్షయరోగుల కోసం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో. ఒక్కొక్కదాని గురించి ఒక్కో ప్రసంగం చేయవచ్చు. ఇవాళ వాటిని దాటి దక్షిణంగా, చిత్తూరు పొలిమేర అవతలికి వెళదాం.

వేలూరు పేరు తెలియని తెలుగిల్లు ఉందా? ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేశాక, అక్కడి ఆసుపత్రికని కాట్పాడి రైలెక్కినవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఆ ఆసుపత్రికి విత్తు వేసిన ఐడా స్కడర్ తాతగారు జాన్ స్కడర్ 1819లో సింహళానికి వచ్చిన మిషనరీ వైద్యుడు. తండ్రి కూడా డాక్టరే. ఐడాకు మాత్రం ఈ దేశంలో ఉండాలనే లేదు. అమెరికాలో హాయిగా బతకాలనుకున్న అమ్మాయి. తల్లికి జబ్బుగా ఉంటే చూడటానికి తిండివనం వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేరువేరుగా వచ్చి, పురిటినొప్పులతో తల్లడిల్లే తమ భార్యలను కాపాడమని ఆమెను అడిగారు. నేను డాక్టర్ని కాను, మా నాన్నగారు వస్తారని చెప్పింది. పరాయి మగవాణ్ణి ఇంట్లోకి రానివ్వలేమని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా వైద్యం చదివి 1900లో తిరిగి వచ్చింది ఆ రాత్రి వల్లనే.

ఆమె పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పెద్ద ఆసుపత్రి కాదు, 1909లో ప్రారంభమైన రోడ్డుపక్క వైద్యం. ఒక చిన్న పెజో కారు సంపాదించి, వారానికొక రోజు గుడియాత్తం దారిన బయల్దేరేవారు. ఆ కారును చూసి మొదట జనం పరుగు తీశారు. తర్వాత తర్వాత ఫలానా చెట్టు కింద ఆగుతుందని తెలిసి, పొద్దున్నే బిడ్డల్ని చంకనేసుకుని వచ్చి కూర్చునేవారు. పుండ్లు, గజ్జి, కళ్ల కలకలు, కాలిలోంచి బయటికి తొంగిచూసే నారికురుపు పురుగు. బాగా జబ్బు చేసినవాళ్లను కారులో ఎక్కించుకుని వేలూరు తీసుకెళ్లేవారు. రోగి డాక్టరు దగ్గరికి రావాలన్న పద్ధతిని ఆ కారు తిరగేసింది. డాక్టరే బిడ్డ ఉన్న దారికి వెళ్లారు. 1909లోనే నర్సుల బడి, 1918లో ఆడవాళ్ల వైద్య పాఠశాల పెట్టారు. ఆడపిల్లలు వైద్య పరీక్ష నెగ్గగలరా అని పెదవి విరిచినవాళ్లున్నారు. మొదటి బ్యాచి పరీక్ష రాసి మంచి మార్కులతో నెగ్గింది.

ఇక్కడిదాకా కథ గొప్పగానే ఉంది. కానీ బిడ్డ సంగతి అడగండి. విరేచనాలతో వచ్చిన బిడ్డను బతికించి పంపారు. బిడ్డ తిరిగి వెళ్లింది ఆ ఊరికే, ఆ ఇంటికే, ఆ చెరువు నీళ్లకే. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ అదే జబ్బు. మళ్లీ బండి, మళ్లీ అప్పు. మూడోసారో నాలుగోసారో బండి ఆలస్యమవుతుంది.

ఈ బాధను కళ్లారా చూసి, చేస్తున్న పద్ధతే మార్చుకున్న ఇద్దరు డాక్టర్ల గురించి చెప్పడానికే నేను ఇవాళ ఈ మైకు ముందుకు వచ్చాను. రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే. ఇద్దరూ వేలూరులో చదువుకున్నవాళ్లు. మొదటి వరసలో నెగ్గినవాళ్లు. ఎక్కడికి వెళ్లినా పెద్ద ఉద్యోగాలు దొరికేవి. ఐడా స్కడర్ కన్నుమూసిన 1960లోనే వీరి పెళ్లయింది. బీద పల్లెల సేవకు జీవితం ఇస్తామని పెళ్లినాడే ప్రమాణం చేసుకున్నారు. మహారాష్ట్రలో వడాలా అనే చోట మిషన్ ఆసుపత్రిలో చేరారు. పగలూ రాత్రీ పనిచేశారు. ఆసుపత్రి కిటకిటలాడింది. అంతా మెచ్చుకున్నారు. కానీ లెక్క వేసి చూసుకుంటే, వస్తున్న జబ్బుల్లో చాలావరకు రాకుండా ఆపగలిగినవే. వచ్చిన బిడ్డే మళ్లీ వస్తోంది. ఆసుపత్రికి రాలేక పల్లెలోనే పోతున్న బిడ్డలు ఎంతమందో లెక్కే లేదు.

ఇద్దరూ అమెరికా వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివారు. 1970లో తిరిగి వచ్చి అహ్మద్‌నగర్ జిల్లాలో జామ్‌ఖేడ్ అనే చోటు ఎంచుకున్నారు. కరువుసీమ. వానలు అంతంతమాత్రం. పాతబడిన పశువైద్యశాలలో పని మొదలుపెట్టారు. అప్పుడు ఆ పల్లెల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 176 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోతున్నారు. ప్రతి ఆరుగురిలో ఒకరు.

డాక్టర్లు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. జనం వైద్యం అడగలేదు. నీళ్లు అడిగారు, తిండి అడిగారు. వెంటనే 1970ల మొదట్లో మహారాష్ట్రను కుదిపేసిన కరువు వచ్చిపడింది. ఇద్దరు డాక్టర్లూ స్టెతస్కోపు పక్కనపెట్టి బోర్లు వేయించే పనిలో పడ్డారు. అయిదేళ్లలోపు పిల్లలకు ఊళ్లోనే వంట చేసి పెట్టే ఏర్పాటు చేయించారు. వంట చేసేది ఊరివాళ్లే, తినిపించేది ఊరివాళ్లే. బోరు ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. దళితుల వాడలోనే నీళ్లు పడేట్టు చూశారు రజనీకాంత్. నీళ్లు కావలసినవాళ్లందరూ అక్కడికే బిందె పట్టుకుని రావాలి. ఉపన్యాసం ఒక్కటీ చెప్పకుండా కులం గోడకు కన్నం వేశారు. బిడ్డల జబ్బుకూ కులానికీ ఏమిటి సంబంధమని అడగకండి. మంచినీళ్ల బావి ఎవరికి దూరమో, ఆ బిడ్డలకే విరేచనాలు ఎక్కువ.

తర్వాత వైద్యం సంగతి. మొదట ఒక్కో పల్లెకూ ఒక్కో నర్సును పంపాలనుకున్నారు. పట్నంలో చదువుకున్న పిల్లలు పల్లెలో ఒంటరిగా ఉండలేకపోయారు. ఊళ్లోవాళ్లు వాళ్ల మాట వినలేదు. అప్పుడు ఆలోచన మారింది. ఊరికి బయటినుంచి మనిషిని తేవడమెందుకు? ఊళ్లోనే ఒక ఆడమనిషిని ఊరే ఎంచుకుంటే? చదువు రాకపోయినా ఫరవాలేదు, పిల్లల్ని కనీ పెంచీ ఉన్నది అయితే చాలు. అలా వచ్చినవాళ్లలో చాలామంది దళిత స్త్రీలు. కొందరు భర్త వదిలేసినవాళ్లు. నీ పేరేమిటని అడిగితే ఫలానావాడి భార్యననో, ఫలానా ఊరిదాన్ననో చెప్పేవాళ్లు. వాళ్లకు నేర్పిన మొదటి పాఠం రోగాల గురించి కాదు, తమ పేరు తాము గట్టిగా చెప్పడం.

వారం వారం జామ్‌ఖేడ్ వచ్చేవారు. రాత్రి అక్కడే పడుకునేవారు. పెద్ద దుప్పటి ఒకటి కుట్టించి, అన్ని కులాల స్త్రీలూ దాని కిందే నిద్రపోయేలా చేశారు మేబెల్. తర్వాత పాఠాలు. గర్భిణి పొట్ట తడిమి బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడం. బొడ్డు కోసే బ్లేడు మరిగించడం, కోసినచోట ఏమీ పూయకపోవడం. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించడం. ఆ పాలు మురికి అని పిండి పారబోయడం అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది. బిడ్డను తూచి కార్డు మీద గీత గీయడం. ఇవన్నీ చదువురాని స్త్రీలు నేర్చుకున్నారు. నేర్చుకున్నది వెళ్లి ఊళ్లో చెప్పాలి కాబట్టి, మరచిపోవడానికి వీల్లేదు.

ఇంతకుముందు విరేచనాల సంగతికి వస్తానన్నాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చి లక్షలమంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. రక్తనాళాల్లోకి ఎక్కించే సెలైను అయిపోవచ్చింది. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, ఇంటివాళ్ల చేతే తాగించారు. అంతకుముందు ఆ శిబిరంలో నూటికి 30 మంది పోతుండగా, అది నాలుగు లోపుకు దిగింది. దీని వెనక కిటుకు ఇంతే. విరేచనాలప్పుడు పేగు ఉత్త నీళ్లను పట్టుకోలేదు. చక్కెరా ఉప్పూ కలిసి ఉంటే, ఆ రెండూ లోపలికి పోతూ నీళ్లను కూడా తమ వెంట తీసుకుపోతాయి. వేల ఏళ్లుగా బిడ్డల్ని మింగిన జబ్బుకు విరుగుడు వంటింట్లోనే ఉంది. డాక్టర్లు కూడా అప్పుడే నేర్చుకుంటున్న ఈ పాఠాన్ని జామ్‌ఖేడ్ పల్లె స్త్రీలు ఇంటింటికీ మోసుకెళ్లారు.

వింటున్న తల్లులూ, అమ్మమ్మలూ ఇది రాసుకోండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లు. అందులో తలకొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు. ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే మేలు. బిడ్డ కక్కితే పది నిమిషాలాగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు, తిండి ఆపవద్దు. పద్నాలుగు రోజులు జింకు మాత్ర వేయాలి. అది మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరే దొరుకుతుంది. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచకండి, ఆసుపత్రికి వెళ్లండి.

దగ్గు వస్తే బిడ్డ ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఆ పైన ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40. వీటికి చేరినా దాటినా నెమ్ము అని అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే బయల్దేరాలి. ఈ లెక్క చూడటానికి ఎక్స్‌రే అక్కర్లేదు, గడియారంలో సెకన్ల ముల్లు చాలు. కుగ్లర్ నాటికి నెమ్ముకు మందు లేదు, ఇప్పుడుంది. చవకగా దొరికే అమాక్సిసిలిన్. బిడ్డకూ ఆ మందుకూ మధ్య అడ్డం ఇక గుర్తించడంలో జరిగే ఆలస్యమే.

మళ్లీ జామ్‌ఖేడ్‌కు వస్తాను. మొదట్లో ఈ పల్లె ఆరోగ్య కార్యకర్తలను చాలా ఇళ్ల గుమ్మం ఎక్కనివ్వలేదు. అంటరానిదాని చేత బిడ్డను ముట్టించుకుంటామా అన్నారు. అర్ధరాత్రి బిడ్డకు జబ్బు ముదిరినప్పుడు మాత్రం, తలుపు తట్టడానికి ఊళ్లో ఉన్నది ఆమె ఒక్కతే. డాక్టరు ముప్ఫై మైళ్ల దూరంలో ఉంటే, ఈమె మూడిళ్ల అవతల ఉంది. బిడ్డలు బతకడం మొదలైంది. ఒక్కో గుమ్మమే తెరుచుకుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి అక్కడి శిశుమరణాలు వెయ్యికి 176 నుంచి ముప్ఫైకి దిగువకు పడిపోయాయి. ఇది ఒక పెద్ద ఆసుపత్రి కట్టి సాధించింది కాదు. అక్కడ ఆసుపత్రి ఉంది, అవసరమైనవాళ్లకు శస్త్రచికిత్సలూ చేస్తారు. కానీ లెక్కను మార్చింది మాత్రం గుడిసెల్లో ఉండే ఆ స్త్రీలు. 1979లో ఆరోలే దంపతులకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో ప్రచురించిన పుస్తకంలో జామ్‌ఖేడ్ మీద ఒక అధ్యాయమే ఉంది. 1978లో ఆల్మా ఆటాలో చాలా దేశాలు కలిసి ఆరోగ్యం అందరి హక్కని ప్రకటించినప్పుడు, ఇది అయ్యేపనేనని చూపించడానికి ఉన్న కొద్ది ఉదాహరణల్లో ఈ కరువు తాలూకా ఒకటి.

ఇక్కడ ఒక ప్రశ్న మీలో కొందరి మనసులో ఉంటుంది. అడగడానికి మొహమాటపడవచ్చు. మిషనరీలు వైద్యం పేరుతో మతం ఇవ్వడానికి వచ్చారు కదా? అవును, ఆ మొదటి తరంవాళ్లు తమ మతం గురించి చెప్పాలనే వచ్చారు. దాన్ని వాళ్లు దాచలేదు. వార్డుల్లో బైబిలు చదివేవారు. కొందరు విన్నారు, కొందరు మతం మారారు, ఎక్కువమంది బిడ్డ నయమయ్యాక తమ దేవుడికే కొబ్బరికాయ కొట్టుకున్నారు. జబ్బుతో ఉన్న మనిషి ముందు మతం మాట్లాడటం సరికాదని నా అభిప్రాయం. ఒంట్లో శక్తి లేనివాడు అవునో కాదో నిలబడి చెప్పలేడు. అదే సమయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కాలంలో మన బిడ్డ మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్నవాళ్లు ఎవరో చూసినప్పుడు, ఆ మనుషుల ముందు నా తల వంగుతుంది. ఆరోలే దంపతులు క్రైస్తవ విశ్వాసంతోనే పల్లెకు వెళ్లారు. ఆ విశ్వాసం వాళ్ల చేత చేయించింది ప్రచారం కాదు, దళితవాడలో బోరు. హిందూ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలు ఒకే దుప్పటి కింద పడుకుని వైద్యం నేర్చుకున్నారు.

నాకు మరో సంగతి ఇంకా ముఖ్యం. కుగ్లర్ నర్సులకు నేర్పారు. ఐడా స్కడర్ ఆడపిల్లల్ని డాక్టర్లను చేశారు. ఆరోలేలు అక్షరం రాని స్త్రీకి అప్పగించారు. ఒక తరం తర్వాత ఒక తరం, తమ చేతిలోని విద్యను మెట్టు మెట్టుగా కిందికి దించి, బిడ్డకు దగ్గరగా తెచ్చారు. వృత్తి తెలిసినవాళ్లకు ఇది తేలిక కాదు. విద్య పంచుకుంటే విలువ తగ్గిపోతుందనే భయం మనందరిలో ఉంది. పల్లెటూరి ఆడమనిషి ఊపిరి లెక్కపెట్టి నెమ్ము అని చెబితే, అది వైద్యమా అని ఎద్దేవా చేసిన డాక్టర్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై, ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. జామ్‌ఖేడ్‌లాంటి చోట్ల నేర్చుకున్న అనుభవం దాని వెనక ఉంది. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ ఎలా చేయవచ్చో నిరూపించారు. వాళ్లు మిషనరీలు కారు, గాంధీగారి దారిలో నడిచినవాళ్లు. ఆ పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజున ఇంటికి వచ్చి చూడాలి. బిడ్డను తూచాలి, ఒళ్లు వేడి చూడాలి, బొడ్డు చూడాలి, పాలు పడుతున్నదా అడగాలి. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బకు టేపు చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే బిడ్డ బాగా చిక్కిపోయిందని అర్థం. మీ ఇంట్లో బాలింత ఉంటే, ఈ రోజుల లెక్క మీకు తెలిసి ఉండాలి. రాకపోతే పిలవండి, వస్తే బిడ్డను చూపించండి. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపకండి.

ఆ మనిషికి మనం ఇస్తున్నది చాలదు. ఎండలో నడుస్తుంది, అర్ధరాత్రి గర్భిణిని ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోతుంది, సర్వేలన్నీ ఆమె నెత్తినే. ఉద్యోగి అని ఒప్పుకోం, గౌరవ వేతనం అంటాం. అదైనా నెలనెలా సక్రమంగా అందాలని రోడ్డెక్కి అడిగిన ఆశా కార్యకర్తల్ని మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. తూకం యంత్రం పనిచేయాలి, సంచిలో జింకు మాత్రలు అయిపోకుండా ఉండాలి, ఆమె ఫోను చేస్తే అవతల పీహెచ్‌సీలో ఎత్తే డాక్టరుండాలి. జామ్‌ఖేడ్‌లో పల్లె స్త్రీ ఒంటరిది కాదు. వారం వారం తిరిగి వెళ్లి అడగడానికి, సందేహం తీర్చుకోవడానికి ఆమెకొక చోటుంది. వెనకాల ఆ ఆసరా లేకుండా సంచి ఒక్కటి భుజానికి తగిలించి పంపితే, పని జరగడం లేదని ఆమెను నిందించే హక్కు మనకు లేదు.

మేబెల్ ఆరోలే 1999లో, రజనీకాంత్ ఆరోలే 2011లో కన్నుమూశారు. వారి పిల్లలు పనిని కొనసాగిస్తున్నారు. జామ్‌ఖేడ్‌లో శిక్షణ సంస్థ ఉంది. ఎన్నో దేశాలనుంచి డాక్టర్లు, నర్సులు, ప్రభుత్వ అధికారులు పల్లె ఆరోగ్యం గురించి నేర్చుకోవడానికి అక్కడికి వస్తారు. వాళ్లకు పాఠాలు చెప్పేవారిలో, ఒకప్పుడు తమ పేరు చెప్పడానికి కూడా నోరు రాని ఆ ఊళ్ల ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు.